ఎడ్యుకేషన్ లోన్, ఆటిజం, ఉద్యోగం: మూడింటినీ ఒకే లెక్కలో పెట్టుకోవడం ఎలా

బీటెక్కో డిగ్రీనో ఎంబీఏనో అయిపోయింది, లోన్ కట్టడం మొదలవ్వబోతోంది లేదా ఆల్రెడీ రెండు మూడు ఈఎంఐలు తప్పాయి, ఉద్యోగం రాలేదు, వచ్చినా ఏడాది కూడా నిలవట్లేదు, దానికి తోడు మీకు ఆటిజం ఉంది, కాగితం మీద ఉన్నా సరే, కాగితం లేకుండా మీకొక్కరికే తెలిసినా సరే. అలాంటి వాళ్ళ కోసం రాస్తున్నా ఇది.

నాది ఆటిజం అని నాకు తెలిసేసరికి 26 ఏళ్ళు. అప్పటికే ఈసీఈ చదివి, 6 లక్షల లోన్ మీదేసుకుని, హైదరాబాద్ లో నైట్ షిఫ్ట్ సపోర్ట్ ఉద్యోగం ఎనిమిది నెలలు చేసి వదిలేసి, గుంటూరులో మా ఇంట్లో తలుపేసుకుని కూర్చున్నా. బ్యాంకు ఫోన్లు నాకు కాదు, అమ్మకి వచ్చేవి, కో-అప్లికెంట్ (లోన్ కాగితాల మీద నాతో పాటు సంతకం పెట్టిన మనిషి) అమ్మే కాబట్టి. ఆ ఫోన్ మోగినప్పుడల్లా అమ్మ వంటింట్లోకి వెళ్ళి మెల్లగా మాట్లాడేది నాకు వినపడకూడదని. నాకు అన్నీ వినపడతాయి, పక్కింటి మిక్సీ కూడా.

అందరూ చెప్పేది ఒకటే, ఈఎంఐ ఇంత కాబట్టి ఇంత జీతం వచ్చే ఉద్యోగం పట్టుకో అని. నేను అలాగే చేశా, ఎక్కువ ప్యాకేజీ ఏదో అదే తీసుకున్నా, ఎనిమిది నెలలకి ఒళ్ళూ మనసూ రెండూ చేతులెత్తేశాయి, తర్వాత ఏడాదిన్నర జీతమే లేదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంది. మనం ఈ లెక్కని తిరగేయాలి. మూడు నాలుగేళ్ళు నిలబడగలిగే ఉద్యోగం ఏదో ముందు తేల్చుకోవాలి, ఆ జీతానికి సరిపోయేలా ఈఎంఐని దించుకోవాలి. ఇది ఎలా చేయాలో నేను చేసిన వరసలోనే చెప్తా.

ముందు లోన్ కాగితాలు

శాంక్షన్ లెటర్, అకౌంట్ స్టేట్‌మెంట్ రెండూ ప్రింట్ తీసుకోండి. ఫోన్ లో చూస్తే బుర్రకెక్కదు, కాగితం మీద పెన్నుతో గీసుకుంటూ చూడండి. వడ్డీ శాతం ఎంత, అది ఫ్లోటింగా (మారుతూ ఉండేదా) ఫిక్స్‌డా, మారటోరియం (ఈఎంఐ కట్టనక్కర్లేని గడువు) ఏ తేదీతో అయిపోతోంది, కట్టాల్సిన కాలం ఎన్నేళ్ళు పెట్టారు, కో-అప్లికెంట్ ఎవరు, తాకట్టు ఏమైనా ఉందా, ఇవి చూస్తే చాలు. చాలా బ్యాంకులు పాటించే ఐబీఏ (బ్యాంకుల సంఘం) మోడల్ స్కీమ్ లో కోర్సు కాలం ప్లస్ ఒక ఏడాది మారటోరియం, ఆ తర్వాత 15 ఏళ్ళ వరకు కట్టుకునే వీలు ఉంటుంది. కానీ శాంక్షన్ అప్పుడు ఎవరో తొందరలో 7 ఏళ్ళు అని రాసేసి ఉంటారు, మనం చదవకుండా సంతకం పెట్టేసి ఉంటాం. నాది అలాగే జరిగింది.

మారటోరియం అంటే వడ్డీ లేదు అనుకుంటారు చాలామంది. కాదు. 6 లక్షల మీద 10 శాతం అంటే నెలకి 5,000, ఏడాది ఊరికే కూర్చుంటే 60,000, అదంతా తర్వాత అసలుకి చేరుతుంది. అందుకే ఆ టైమ్ లో ఇంట్లో ఎవరైనా నెలకి వెయ్యో రెండు వేలో వడ్డీ కింద వేయగలిగితే వేయండి, కొన్ని బ్యాంకులు మారటోరియంలో వడ్డీ పూర్తిగా కట్టిన వాళ్ళకి 1 శాతం తగ్గింపు కూడా ఇస్తాయి. మీ ఇంటి ఆదాయం ఏడాదికి 4.5 లక్షల లోపు అయ్యుండి ప్రొఫెషనల్ కోర్సు చదివుంటే కేంద్రం వడ్డీ సబ్సిడీ స్కీమ్ ఉంది, మారటోరియం వడ్డీ ప్రభుత్వమే కడుతుంది, అది మీ ఖాతాలో పడిందో లేదో స్టేట్‌మెంట్ లో వెతకండి, పడకపోతే బ్రాంచ్ లో అడగండి.

ఇప్పుడు అసలు లెక్క. 6 లక్షలు, 10 శాతం, 7 ఏళ్ళు అంటే ఈఎంఐ సుమారు 9,960. అదే 15 ఏళ్ళు అంటే సుమారు 6,450. తేడా నెలకి 3,500. నిజమే, 15 ఏళ్ళు లాగితే మొత్తం మీద 3.2 లక్షల దాకా ఎక్కువ వడ్డీ పోతుంది, మా మావయ్య ఇదే పట్టుకుని నన్ను బాగా తిట్టాడు. కానీ నాకు ఆ 3,500 తోనే నలుగురుండే హాస్టల్ రూమ్ నుంచి సింగిల్ రూమ్ కి మారడం కుదిరింది, రాత్రి నిద్ర పట్టింది, నిద్ర పట్టింది కాబట్టి ఉద్యోగం నిలబడింది. జీతం పెరిగాక ఎక్కువ ఎక్కువ కట్టేసి కాలాన్ని మళ్ళీ కుదించుకోవచ్చు, ఫ్లోటింగ్ వడ్డీ లోన్ ని ముందుగా కట్టేస్తే పెనాల్టీ లేదు. ఈఎంఐ తప్పితే మాత్రం దాన్ని వెనక్కి తిప్పడం చాలా కష్టం.

బ్యాంకుకి ఉత్తరం, ఈఎంఐ తప్పకముందే

90 రోజులు దాటి బాకీ ఉంటే ఖాతా ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, మీ సిబిల్ స్కోరే కాదు కో-అప్లికెంట్ ది కూడా పడిపోతుంది. అందుకే ఈఎంఐ కట్టలేను అని అర్థమైన నెలలోనే వెళ్ళాలి. ఐబీఏ స్కీమ్ లో చాలామందికి తెలియని మాట ఒకటుంది, చదువైపోయిన తర్వాత ఉద్యోగం లేని కాలానికి లేదా తక్కువ జీతం ఉన్న కాలానికి లోన్ జీవితకాలంలో రెండు మూడు సార్లు మళ్ళీ మారటోరియం ఇవ్వొచ్చు అని, అలాగే మొదట్లో తక్కువ ఈఎంఐ పెట్టి పోను పోను పెంచే పద్ధతి కూడా పెట్టొచ్చు అని. ఇవ్వొచ్చు అనే ఉంది, ఇచ్చి తీరాలి అని కాదు, కాబట్టి అడగాలి, రాతలో అడగాలి.

ఫోన్ లో మాట్లాడటం, కౌంటర్ దగ్గర నిలబడి అరుపుల మధ్య చెప్పుకోవడం మనలో చాలామందికి నరకం. నేను ఇలా రాసి తీసుకెళ్ళా, మీరూ వాడుకోండి:

"బ్రాంచ్ మేనేజర్ గారికి, నమస్కారం. నా ఎడ్యుకేషన్ లోన్ ఖాతా నంబర్ ఇది. నాకు ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్ ఉంది, సర్టిఫికెట్ కాపీ జత చేశాను. ఫలానా నెల నుంచి నాకు ఉద్యోగం లేదు. ఐబీఏ మోడల్ స్కీమ్ ప్రకారం నిరుద్యోగ కాలానికి ఆరు నెలల మారటోరియం ఇచ్చి, ఆ తర్వాత తిరిగి చెల్లించే కాలాన్ని 15 ఏళ్ళకి పెంచవలసిందిగా కోరుతున్నాను. ఫోన్ లో మాట్లాడటం నాకు కష్టం కాబట్టి జవాబు ఈమెయిల్ ద్వారా ఇవ్వగలరు."

రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద రిసీవ్డ్ స్టాంపు, తేదీ వేయించుకోండి. ఇది వదలొద్దు. మొదటిసారి నేను వెళ్ళినప్పుడు అక్కడున్న ఆయన ఉత్తరం చదవకుండానే "చూడ్డానికి బానే ఉన్నావుగా" అన్నాడు. నేనేం మాట్లాడలేకపోయా, అమ్మ మాత్రం "సార్, స్టాంపు వేసివ్వండి చాలు" అంది. ఆ స్టాంపే తర్వాత పనికొచ్చింది. ఉత్తరం ఇచ్చిన 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు అన్యాయంగా ఉన్నా ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్ (బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే అధికారి) కి సీఎంఎస్ పోర్టల్ లో కంప్లైంట్ పెట్టొచ్చు, ఫీజు లేదు, అంతా రాతలోనే, మనకి అనువైన పద్ధతి. సందేహాలకి 14448 నంబర్ ఉంది.

రికవరీ వాళ్ళు ఉదయం 8 లోపు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదని ఆర్‌బీఐ రూల్. ఈఎంఐ కట్టలేకపోవడం దానంతటదే నేరం కాదు, రేపే పోలీసులొస్తారు అని ఎవరన్నా బెదిరిస్తే నమ్మి వణికిపోవద్దు (ఎదుటివాళ్ళు అన్న మాటని మనం అన్నట్టే నమ్మేస్తాం, అందుకే చెప్తున్నా). కానీ ఇచ్చిన చెక్కులో, ఆటో డెబిట్టో బౌన్స్ అయితే అది వేరే కేసు అవ్వొచ్చు, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. ఇంకోటి, ఈఎంఐ కోసం లోన్ యాప్ లో డబ్బు తీసుకోవద్దు. అస్సలు వద్దు. 2020 చివర్లో ఈ యాప్‌ల వేధింపుల వల్ల తెలంగాణలో ఎన్ని కుటుంబాలు కుదేలయ్యాయో అందరం చూశాం.

సర్టిఫికెట్ సంగతి

2016 వికలాంగుల హక్కుల చట్టంలో గుర్తించిన 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. 40 శాతం, అంతకంటే ఎక్కువ అని సర్టిఫికెట్ వస్తే రిజర్వేషన్లు, వయసు సడలింపులు లాంటివి వర్తిస్తాయి. 40 లోపు వచ్చినా సర్టిఫికెట్ వృథా కాదు, వివక్ష చూపకూడదు, పనిచోట తగిన వెసులుబాటు ఇవ్వాలి అనేవి శాతంతో ముడిపడినవి కావు, 2021 లో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు 40 శాతం లేని వ్యక్తికి కూడా పరీక్షలో స్క్రైబ్ ని (మన బదులు రాసిపెట్టే మనిషిని) ఇవ్వాలని చెప్పింది.

సర్టిఫికెట్ కోసం ఆటిజం ఎంత ఉందో కొలవడానికి ఇక్కడ వాడేది ఇసా అనే స్కేలు, 40 అంశాలు ఉంటాయి, 70 కంటే తక్కువ స్కోరు వస్తే ఆటిజం లేదని లెక్క. పెద్దవాళ్ళతో వచ్చే చిక్కు ఏంటంటే ఇరవై ఏళ్ళుగా కప్పిపుచ్చుకోవడం అలవాటైపోయి ఆ గంటలో కూడా మనం నవ్వుతూ కళ్ళలోకి చూసి మాట్లాడేస్తాం. ఉన్నది ఉన్నట్టు చెప్పండి, తగ్గించొద్దు, పెంచొద్దు. చిన్నప్పటి సంగతులు తెలిసిన అమ్మనో నాన్ననో అమ్మమ్మనో తీసుకెళ్ళండి, మాటలు ఎప్పుడొచ్చాయి, స్కూల్లో ఎలా ఉండేవాళ్ళు, ఏ చప్పుడికి చెవులు మూసుకునేవాళ్ళు, ఇవన్నీ రెండు పేజీలు రాసుకుని ఇవ్వండి. సికింద్రాబాద్ బోయిన్‌పల్లి లో ఉన్న నీపిడ్ అనే కేంద్ర సంస్థ ఇలాంటి పరీక్షలకి పెట్టింది పేరు, బెంగళూరు నిమ్హాన్స్ ఆసుపత్రి కూడా. సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (వికలాంగుల గుర్తింపు కార్డు) కోసం స్వావలంబన్ పోర్టల్ లో అప్లై చేయాలి, మన దగ్గర సదరం అంటే అందరికీ అర్థమవుతుంది, స్లాట్ వివరాలు మీసేవలో, ఏపీలో అయితే సచివాలయంలో అడగండి.

ట్యాక్స్ గురించి ఒక్క ముక్క. పాత పద్ధతిలో వైకల్యం ఉన్న వాళ్ళకి 75,000 మినహాయింపు (80 శాతం పైన అయితే 1,25,000), ఎడ్యుకేషన్ లోన్ వడ్డీకి 8 ఏళ్ళ మినహాయింపు ఉన్నాయి. కానీ 2025-26 నుంచి కొత్త పద్ధతిలో 12 లక్షల లోపు ఆదాయానికి పన్నే పడట్లేదు కాబట్టి మనలో ఎక్కువమందికి వీటి కోసం తల పట్టుకోనక్కర్లేదు.

ఉద్యోగం: జీతం కాదు, ముందు గది చూడండి

నోట్‌బుక్ ఒకటి తీసుకోండి. ఇంతకుముందు చేసిన ఉద్యోగమో, ఇంటర్న్‌షిప్పో, కాలేజీ ప్రాజెక్టో గుర్తు తెచ్చుకుని ఏ రోజు ఇంటికొచ్చాక మాట కూడా పెగల్లేదో ఆ రోజు ఏం జరిగిందో రాయండి. నాకు వచ్చిన జవాబు చూసి నేనే ఆశ్చర్యపోయా. పని వల్ల కాదు. షిఫ్ట్ వారం వారం మారడం, క్యాబ్ లో ఐదుగురితో గంటన్నర, ఒకేసారి చాట్ లో ముగ్గురు కస్టమర్లు, టీమ్ లీడ్ వెనక నుంచి వచ్చి భుజం మీద తట్టడం. టికెట్ (కస్టమర్ పెట్టిన ఫిర్యాదు) చదివి లోపం ఎక్కడుందో పట్టుకోవడం మాత్రం నాకు హాయిగా ఉండేది, ఎంతసేపైనా చేసేవాణ్ణి. అంటే నేను వదిలేయాల్సింది పనిని కాదు, ఆ వాతావరణాన్ని.

ఆటిజం అంటే కోడింగ్ జీనియస్ అని ఒక ప్రచారం ఉంది, దాని వల్ల కోడింగ్ రాని వాళ్ళు ఇంకా కుంగిపోతారు. మనలో అన్ని రకాలూ ఉంటారు. మన ఊళ్ళలో దొరికే ఉద్యోగాల్లో చూస్తే సాఫ్ట్‌వేర్ టెస్టింగ్, మెడికల్ కోడింగ్, ఫార్మా కంపెనీల్లో డాక్యుమెంటేషన్, క్వాలిటీ, మ్యాప్ డేటా, క్యాడ్ డ్రాఫ్టింగ్, జీఎస్టీ రిటర్నులు చేసే ఆడిటర్ ఆఫీసు, లైబ్రరీ, ల్యాబ్, తెలుగు డీటీపీ, ప్రూఫ్ చూడటం, ఇలా చాలా ఉన్నాయి, రూల్స్ స్పష్టంగా ఉండి, పని ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోతుందో తెలిసేవి. మెడికల్ కోడింగ్ లో రోజుకి ఇన్ని చార్టులు అనే టార్గెట్ ఉంటుంది, అది కొందరికి పడదు, అడిగి తెలుసుకోండి. నేను ఇప్పుడు ఫార్మా డాక్యుమెంట్లు చూస్తున్నా, మొదట్లో జీతం 21,000, సపోర్ట్ ఉద్యోగం కంటే ఆరు వేలు తక్కువ. నాలుగో ఏడు నడుస్తోంది.

ఆఫర్ ఒప్పుకునే ముందు నాలుగు అడగండి: షిఫ్ట్ ఫిక్స్‌డా మారుతుందా, కూర్చునే చోటు ఎలా ఉంటుంది, పని రాతలో ఇస్తారా నోటితోనా, ఇంటి నుంచి పని ఎన్ని రోజులు. ఇంటర్వ్యూ వాళ్ళు దీనికే చిరాకు పడితే మీకు కావాల్సిన సమాచారం అప్పుడే వచ్చేసినట్టు.

ఆటిజం అని చెప్పాలా వద్దా? దీనికి ఒకే జవాబు లేదు, నా అభిప్రాయం మాత్రం చెప్తా. రెజ్యూమే మీద వద్దు. ఇంటర్వ్యూలో వెసులుబాటు కావాలంటే ఇంటర్వ్యూకి ముందు, పనిలో కావాలంటే ఆఫర్ లెటర్ చేతికొచ్చాక హెచ్ఆర్ కి ఈమెయిల్ లో చెప్పండి. రోగం పేరు చెప్పి ఆపేయకండి, ఏం కావాలో చెప్పండి: "నాకు ఆటిజం ఉంది. ఎదురెదురుగా వరసగా అడిగే ప్రశ్నల కంటే రాతపరీక్షో, పని శాంపిలో ఇస్తే నా పనితనం సరిగ్గా కనపడుతుంది", "నాకు హెడ్‌ఫోన్ పెట్టుకునే అనుమతి, పనులు ఈమెయిల్ లో ఇవ్వడం కావాలి". 20 మంది, అంతకంటే ఎక్కువ ఉన్న ప్రైవేటు సంస్థ సమాన అవకాశాల పాలసీ పెట్టాలి, వికలాంగ ఉద్యోగుల సంగతులు చూసే లయజన్ ఆఫీసర్ ఉండాలి అని 2017 రూల్స్ చెప్తున్నాయి, కాబట్టి "మీ ఈక్వల్ ఆపర్చునిటీ పాలసీ కాపీ పంపగలరా" అని అడగడం తప్పు కాదు.

సాయం ఎక్కడ దొరుకుతుందంటే హైదరాబాద్ విద్యానగర్ లో వికలాంగుల కోసం కేంద్రం నడిపే నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది, హైదరాబాద్ కేంద్రంగా యూత్‌ఫర్‌జాబ్స్ అనే స్వచ్ఛంద సంస్థ ఉంది, బెంగళూరులో అలాంటిదే ఎనేబుల్ ఇండియా. పెద్ద కంపెనీల్లో శాప్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ 2013 నుంచి ఆటిజం ఎట్ వర్క్ అని ప్రత్యేక నియామకాలు నడిపింది, దాని బీజం పడింది బెంగళూరు లోనే. ఇలాంటి వాటిలో సీట్లు తక్కువ, అప్లై చేయండి, కానీ దాని మీదే కూర్చోకండి.

అమీర్‌పేట గురించి తప్పక చెప్పాలి. కోర్సు నేర్చుకోవడానికి వెళ్ళండి, మంచి ట్రైనర్లు ఉన్నారు. కానీ "రెండు లక్షలు కట్టు, బ్యాక్‌డోర్ లో ఆఫర్ లెటర్ ఇప్పిస్తా" అనే వాడు ఎంత మర్యాదగా మాట్లాడినా లేచి వచ్చేయండి. ఎదుటివాడి మాట వెనక మాట పట్టుకోవడం మనకి కష్టం, అందుకే నేను ఒక పద్ధతి పెట్టుకున్నా, 5,000 దాటిన ఏ డబ్బైనా ఇచ్చే ముందు మా అక్కకి మెసేజ్ పెట్టి ఒక రాత్రి ఆగుతా. రెండుసార్లు కాపాడింది అది.

సర్కారీ ఉద్యోగం

వికలాంగులకి ఉన్న 4 శాతం రిజర్వేషన్ లో 1 శాతం మనది, కానీ అది మనొక్కరిదే కాదు, మేధో వైకల్యం, లెర్నింగ్ డిజెబిలిటీ, మానసిక అనారోగ్యం, బహుళ వైకల్యం అందరికీ కలిపి. నోటిఫికేషన్ లో ఐబీపీఎస్ (బ్యాంకు ఉద్యోగాలు) అయితే ఐడీ అని, ఎస్ఎస్‌సీ (స్టాఫ్ సెలెక్షన్ కమిషన్) అయితే అదర్స్ అని రాస్తారు, పోస్టు పక్కన ఏఎస్‌డీ (ఆటిజం స్పెక్ట్రమ్ డిజార్డర్) అని ఉందో లేదో వెతకండి, ఆ పోస్టుకి మనల్ని అర్హులుగా గుర్తించారా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది. కేంద్రం ఉద్యోగాలకి జనరల్ అయితే 10 ఏళ్ళ వయసు సడలింపు, పరీక్షలో గంటకి 20 నిమిషాల అదనపు టైమ్ ఉన్నాయి. ప్రయత్నించండి, ఖచ్చితంగా. కానీ కోచింగ్ కోసం హైదరాబాద్ అశోక్‌నగర్ లో రూమ్ తీసుకుని మూడేళ్ళు వేరే ఏ సంపాదనా లేకుండా కూర్చోవద్దు, నెలకి 5,000 వడ్డీ అక్కడ కూడా మీతోనే ఉంటుంది. చిన్న ఉద్యోగం చేస్తూ రాయండి.

ఇంకా లోన్ తీసుకోని వాళ్ళకి, వాళ్ళ అమ్మానాన్నలకి

ఆటిజం ఉంది కాబట్టి లోన్ ఇవ్వం అనడానికి లేదు, 2016 వికలాంగుల హక్కుల చట్టం 13వ సెక్షన్ అందరితో సమానంగా బ్యాంకు లోన్ పొందే హక్కు ఇచ్చింది. 2024 నవంబర్ లో వచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద ఎంపిక చేసిన కాలేజీలకి తాకట్టు, హామీ లేకుండా లోన్ ఇస్తారు, ఇంటి ఆదాయం 8 లక్షల లోపు అయితే 10 లక్షల వరకు లోన్ మీద మారటోరియంలో 3 శాతం వడ్డీ రాయితీకి అవకాశం ఉంది. 40 శాతం సర్టిఫికెట్ ఉంటే వికలాంగుల ఆర్థిక సంస్థ ఎన్‌డీఎఫ్‌డీసీ చదువు లోన్ కూడా చూడండి. ప్రభుత్వ కాలేజీల్లో ఈ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళకి 5 శాతం సీట్లు ఉన్నాయి, సీటు అక్కడ దొరికితే అసలు లోనే చిన్నదైపోతుంది, అందుకే సర్టిఫికెట్ ఇంటర్ లో ఉండగానే చేయించండి, "పెళ్ళి కాదేమో" అని ఆపకండి.

అమెరికా ఎమ్మెస్ కి 40 లక్షల లోన్ తీసుకునే వాళ్ళు ఒక్క విషయం ఆలోచించండి. అక్కడ వైకల్యం వల్ల పనిచేయలేని వాళ్ళకి ఫెడరల్ లోన్ మాఫీ ఉంది అని విని ధీమాగా ఉండొద్దు, అది అక్కడి ప్రభుత్వ లోన్లకి, మనది ఇండియా బ్యాంకు లోన్. యూనివర్సిటీలో డిజెబిలిటీ ఆఫీసు మంచి సాయం చేస్తుంది, నిజమే, కానీ చదువయ్యాక ఓపీటీ (స్టూడెంట్ వీసా మీదే అక్కడ పనిచేసుకునే అనుమతి) లో ఉద్యోగం లేకుండా ఉండగలిగేది మొత్తం 90 రోజులు, స్టెమ్ (సైన్స్, ఇంజినీరింగ్ లాంటి కోర్సుల వాళ్ళకిచ్చే) పొడిగింపుతో కలిపి 150. ఉద్యోగం దొరకడానికి మనకి ఎక్కువ టైమ్ పడుతుంది అని తెలిసినప్పుడు ఆ గడువు, ఆ లోన్ రెండూ కలిపి చూసుకుని దిగండి.

చివరిగా, లోన్ అయిపోయిన రోజు చేయాల్సిన పని. ఆన్‌లైన్ లో బ్యాలెన్స్ సున్నా కనపడితే వదిలేయకండి, బ్రాంచ్ నుంచి నో డ్యూస్ సర్టిఫికెట్ తీసుకోండి, తాకట్టు కాగితాలుంటే వెనక్కి తెచ్చుకోండి. రెండు నెలలాగి సిబిల్ రిపోర్ట్ తీయండి, ఏడాదికి ఒకటి ఉచితం. మీ పేరు మీద క్లోజ్డ్ అని పడిందో లేదో చూసుకున్నాక అమ్మ పేరు మీద కూడా ఒకటి తీసి చూడండి.